పంజరం ఎందుకు కడిగాను

చాలా ఏళ్ళుగా ఒక విషయం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. పిల్లలకు తెలియదు. మా అమ్మ దగ్గర నేనేదీ దాచేదాన్ని కాదు, ఇదొక్కటీ ఆవిడ పోయేదాకా దాచాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. అంతా విన్నాక 'ఓస్, పిట్టల గొడవేనా' అనిపిస్తే నవ్వుకోండి. మొదట్లో నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను, పిట్టలే కదా అని.

పిట్టలతో పోలేదు. చెప్పాల్సింది అదే.

తొంభైల్లో మేము పాలకొల్లులో ఒక డాబాలో అద్దెకుండేవాళ్ళం. రెండు వాటాలకూ ఒకటే వరండా. అవతలి వాటాలో సుభద్రగారు, వాళ్ళాయన ఉండేవారు. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలవలేదని ఇంటి ఓనరుగారి భార్య నేనడక్కుండానే నా చెవిన వేసింది. సుభద్రగారు మాత్రం ఆ ఊసెప్పుడూ ఎత్తేవారు కాదు. నేను పుట్టింటి నుంచి బాబును తెచ్చుకున్నప్పటి నుంచి, వాడు ఏడిస్తే నాకంటే ముందు గుమ్మంలో ఉండేది ఆవిడే.

వరండాలో ఆవిడ లవ్ బర్డ్స్ పంజరం ఉండేది. పచ్చది మగది, నీలంది ఆడది. లోపల ఒక మూల, బొక్క పెట్టిన చిన్న మట్టికుండ కట్టారు. ఆడది అందులోనే గుడ్లు పెట్టి పొదిగి నాలుగు పిల్లల్ని చేసింది. ఈకల్లేవు, కళ్ళు తెరవలేదు. ఒలిచిన రొయ్యల్లా ఉండేవి. మగది గింజలు తిని, కుండ మూతి దగ్గరికొచ్చి ఆడదాని నోటికి అందించేది. ఆడది దాన్ని మెత్తగా చేసి పిల్లలకు పట్టేది. సుభద్రగారు కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీ వేసుకుని మరీ చూసేవారు. మొగుడు వండిపెట్టే కాపురం ఈ వీధిలో ఇదొక్కటేనని మా ఆయనకు వినపడేలా అనేవారు.

పిల్లలింకా కళ్ళు తెరవకముందే యానాంలో ఉన్న ఆవిడ చెల్లెలికి పురుడొచ్చింది. పిట్టల్ని నాకప్పగించి వెళ్ళారు. కొర్రలు వేయాలి, నీళ్ళు పొద్దునా సాయంత్రం మార్చాలి, తల్లికి బలం కోసం ఉడికిన గుడ్డు మెదిపి పెట్టాలి, కుండలోకి మాటిమాటికీ తొంగిచూడకూడదు. అన్నీ చెప్పారు. సాంబ్రాణి పొగ వేయొద్దని మాత్రం చెప్పలేదు. ఎవరు మాత్రం చెప్తారు?

ముసురు పట్టింది. వరండాలోకి జల్లు కొడుతోంది. ఆ పొద్దున బాబుకు స్నానం చేయించి, కొబ్బరిచిప్పల నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ వేశాను. మా వైపు పసిబిడ్డకైనా బాలింతకైనా అది లేనిదే స్నానం పూర్తయినట్టు కాదు. నా పురిటికి మా అమ్మ నాకూ అలాగే వేసింది. గిన్నెలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వరండాలోంచి పిల్లల అరుపు సన్నగా వినిపించింది. చలికి వణుకుతున్నాయేమో, పాపం అదీ బాలింతే కదా, అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. మనసులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

పాత చీర రెండు మడతలు వేసి పంజరం చుట్టూ కప్పాను. నిప్పుల గిన్నె కిందపెట్టి ఇంకో చిటికెడు సాంబ్రాణి వేశాను. పొగ బయటికి పోకుండా చీర అంచులు దగ్గరికి లాగాను కూడా. ఇంతలో బాబు ఏడ్చాడు. లోపలికెళ్ళి పాలిస్తూ పక్కనే వాలాను. కన్నంటుకుంది.

లేచి వచ్చి చీర తీశాను.

పచ్చది పంజరం అడుగున వెల్లకిలా పడి ఉంది. ఆడది కుండ మూతిలోంచి సగం బయటికొచ్చి అక్కడే ఆగిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. నిద్రపోతున్నాయేమోనని పంజరం తట్టాను. పిట్టలు వెల్లకిలా నిద్రపోతాయా? ఆ మాత్రం తెలియదా నాకు? అయినా తట్టాను, మళ్ళీ తట్టాను, పేరు పెట్టి పిలిచినట్టు ఏదో పిలిచాను కూడా. తల్లిని పక్కకు తీసి కుండలో చూశాను. మూడు చల్లబడ్డాయి. చివర పుట్టిన చిన్నది మాత్రం నోరు తెరుస్తోంది. దూదిలో పెట్టి, బల్బు కింద ఉంచి, ఇంకు ఫిల్లరుతో గుడ్డుసొన పట్టాను. సాయంత్రం దాకా నోరు తెరుస్తూనే ఉంది. తర్వాత తెరవలేదు.

అప్పుడు నేనేం చేశాను? ఏడవలేదు. పక్షుల్ని కరివేపాకు మొక్క దగ్గర పూడ్చి, పంజరం కడిగాను. సబ్బుపొడి వేసి పీచుతో రుద్ది, ఊచ ఊచా వాసన చూసుకుంటూ కడిగాను. ముసురులో ఆరదని తెలిసీ చీర ఉతికేశాను. మా ఆయన ఇంటికొస్తే చలికి పోయాయని చెప్పాను. తెలియక చేసినదే అయితే పంజరం ఎందుకు కడిగాను? ఈ ప్రశ్న దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను. చంపానన్న భయం కాదది. పిట్టలకు బాలింత పొగ వేసిన తెలివితక్కువదని వీధంతా చెప్పుకుని నవ్వుతుందని భయం. అంత చవకబారు భయం.

సుభద్రగారు తిరిగొచ్చారు. చేతిలో సంచి కిందపెట్టకుండానే పంజరం దగ్గరికెళ్ళారు.

"ఏంటమ్మాయ్, ఇదేంటి?"

"పోయాయండి. ముసురు కదండీ..."

ఆవిడ ఖాళీ పంజరంలోకి అలా చూస్తూనే ఉన్నారు.

"నేను వెళ్ళే రోజు కుండలో చెయ్యి పెట్టానమ్మా. ఆఖరుది ఉంది చూడు, చిన్నది, దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. ముద్దొచ్చి ఆగలేకపోయాను. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదంటారు. అందుకేనంటావా?"

నాకు సందు దొరికింది. నిజం చెప్పాలంటే, ప్రాణం లేచొచ్చింది.

"అయ్యుండొచ్చండి."

"మరి పెద్దవి రెండూ ఎందుకు పోయాయి?"

"పిల్లలు పోయాక అవి గింజ ముట్టలేదండి."

ఎంత చక్కగా అల్లానో చూడండి. ఎవరూ నేర్పలేదు, ముందు అనుకోలేదు, నోట్లోంచి దానంతటది వచ్చేసింది. ఆ మాట విని ఆవిడకంటే ముందు నేనే ఉలిక్కిపడ్డాను. ఆవిడ చెయ్యి తగిలిన పిల్లే అన్నిటికంటే ఎక్కువసేపు బతికిందని నాకు తెలుసు. నా కళ్ళ ముందే కదా పోయింది. ఆవిడ లోపలికెళ్ళిపోయారు. సంచి వరండాలోనే ఉండిపోయింది.

తర్వాత ఆవిడ మళ్ళీ పిట్టల్ని తేలేదు. పంజరం పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. మా బాబును ఎత్తుకోవడమూ తగ్గించారు. అడిగితే నడుం నొప్పి అనేవారు. నేను నమ్మాను. నమ్మితే నాకే హాయిగా ఉండేది.

మా ఆయనకు బదిలీ అయి రాజమండ్రి వచ్చేశాం. కొన్నేళ్ళకు పాప పుట్టింది. బారసాలకు సుభద్రగారు పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చారు. సంతోషం పట్టలేక పాపను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టబోయాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. చేతులు రెండూ కొంగు కిందికి వెళ్ళిపోయాయి.

ఎందుకండీ అన్నాను. నన్ను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా చెప్పారు. అప్పుడు యానాం వెళ్ళింది ఉత్త పురిటికి కాదట. చెల్లెలికి పుట్టే మూడో బిడ్డను తాను పెంచుకోవాలని మాటనుకున్నారట. చెల్లెలు ఒప్పుకుంది, మరిది ఒప్పుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల రాగానే తెచ్చుకుందామని ఖాయం చేసుకుని ఇంటికొచ్చారట. వచ్చి చూస్తే పంజరం ఖాళీ.

"ముట్టుకున్నందుకే ఆరు ప్రాణాలు పోయాయి. ఇక పసిదాన్ని ఎలా తెచ్చుకుంటానమ్మా? మీ అన్నయ్యగారు బతిమాలినా నేనే వద్దన్నాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నాకు చెవులు మూసుకుపోయాయి. గదిలో పేరంటాళ్ళు పాట పాడుతున్నారు. నోళ్ళు కదలడం కనిపిస్తోంది, పాట వినపడటం లేదు. నేను పిట్టల్ని చంపాననుకుంటూ బతుకుతున్నాను. ఆవిడ ఇంట్లోకి రావాల్సిన బిడ్డను ఆపేశానని నాకెవరు చెప్పారు? ఆ క్షణంలో చెప్పేయొచ్చు. మీ చెయ్యి కాదండీ, నా పొగ, అంటే చాలు. నోరు తెరిచాను. పళ్ళెంలో బియ్యం పోశారు, పేరు రాయాలి, పాపను తీసుకురమ్మని అమ్మ కేకేసింది. వెళ్ళిపోయాను. కేకేసింది కాబట్టి వెళ్ళానా, కేక కోసమే చూస్తున్నానా?

ఆవిడ బయల్దేరేముందు ఉయ్యాల దగ్గరికొచ్చారు. పాప కాళ్ళ మీది నుంచి దుప్పటి జారి ఉంది. కొంగు చివర వేళ్ళకు చుట్టుకుని, చర్మం తగలకుండా, దుప్పటి పైకి లాగారు. గుమ్మంలో నిలబడి నేనది చూశాను.

సుభద్రగారు ఇంకా ఉన్నారు. ఒక్కరే ఉంటున్నారు. ఇప్పుడు నిజం చెప్తే ఆ పిల్ల వెనక్కి వస్తుందా? ఊరికే పోగొట్టుకున్నానని తెలిసి రెండోసారి ఏడుస్తారు, అంతేగా? ఇలా అనుకుని ఆగుతాను. తర్వాత, ఇది కూడా పంజరం కడగడమేనేమో అని భయమేస్తుంది. ఏది నిజమో నాకు తేలలేదు.

తేలినదొక్కటే. ఆవిడ చేతిలో ఏ దోషమూ లేదు. పొగ వేసింది నేను, అబద్ధం చెప్పింది నేను. ఈ మాట మీకు చెప్పాను, ఆవిడకు చెప్పలేదు. రెండూ ఒకటి కావని తెలుసు. అయినా ఇవాళ ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.