నేలకు తగిలిన పాయింటు

2004 జూన్‌లో నన్ను ఫెన్సింగ్ కోచ్‌గా ఏలూరుకు బదిలీ చేశారు. అప్పటికి నేను రెండో గ్రేడు కోచ్‌ని. జిల్లా క్రీడాకారులకు శిక్షణ ఇవ్వడం, జట్టును ఎంపిక చేయడం, పోటీలకు తీసుకువెళ్లడం నా బాధ్యతలు. జట్టు పేర్ల కింద ఆఖరి సంతకం మాత్రం జిల్లా క్రీడాధికారి చేయాలి. వారంలో నాలుగు సాయంత్రాలు ఏలూరు ఇండోర్ హాల్లో, రెండు సాయంత్రాలు తాడేపల్లిగూడెంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో శిక్షణ నడిచేది.

ఫెన్సింగ్ అనే ఆట ఒకటుందని అక్కడ తెలిసినవాళ్లు తక్కువ. గేటు పక్కన బోర్డు పెట్టిన కొద్దిరోజులకే మండవల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, తన చేపల చెరువు చుట్టూ ముళ్లతీగ వేయించాలి, ఎకరానికి ఎంతవుతుందని అడిగారు. నేను కత్తి తీసి చూపించి సంగతి చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పదును లేదేంటండీ?" అన్నారు. ఇది పొడిచే ఆటే గాని కోసే ఆట కాదని వివరించాను. ఆయన కత్తి నా చేతికిచ్చి, తన చెరువుకు కాపలా ఉండే మనిషి కూతురు ఏలూరు కాలేజీలో చదువుతోందనీ, పరుగు పందేల్లో ఆ అమ్మాయిని కొట్టేవాళ్లు లేరనీ, పంపిస్తాననీ చెప్పి వెళ్లారు. అన్నట్టే పంపించారు. ఆ అమ్మాయి పేరు నాగమణి. ఊరు అప్పట్లో కృష్ణా జిల్లా కిందికి వచ్చేది గాని, చదివేది ఏలూరులో కాబట్టి మా జిల్లా తరఫున ఆడటానికి నిబంధనలు ఒప్పుకున్నాయి.

మా క్లబ్బులో చిన్నప్పటి నుంచీ ఫెన్సింగే ఆడినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఏదో ఒక ఆట వదిలి వచ్చినవాళ్లే. వదిలి వచ్చారని మనం అనుకుంటాం గాని, ఆ ఆట వాళ్లతోపాటే హాల్లోకి వస్తుంది. నాగమణి చెరువు గట్ల మీద పరుగెత్తి పెరిగింది. వెనక్కి తగ్గడంలో ఆమె కాళ్లను అందుకోగలిగినవాళ్లు లేరు, కానీ ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు. తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో పనిచేసే ప్రసాద్ గారు బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడు. నలభై దగ్గరపడిన వయసులో వచ్చారు. ఆయన మణికట్టు కత్తిని బ్యాట్‌లా తిప్పడం మానడానికి ఏడాది పట్టింది. పోటీల్లో ఆయన ఆడింది తక్కువ. పాయింట్లు చూపే విద్యుత్ యంత్రం మరమ్మతులు మాత్రం ఆయనే చూసుకునేవారు.

మెర్సీది ఏలూరే. తండ్రి మిషన్ స్కూల్లో టీచరు. ఆమె వాలీబాల్‌లో స్పైకర్, పొడగరి, ఎడమచేతివాటం. ఎడమచేతి ఆటగాళ్లను ఎదుర్కోవడం ఈ ఆటలో ఎవరికైనా కష్టమే. దానికితోడు ఆమె కత్తి పైనుంచి దిగేది. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్య కోర్సులో చేరి డ్రిల్లు టీచరు కావాలని ఆమె కోరిక. క్రీడాకారుల కోటాలో సీటు రావాలంటే రాష్ట్ర పోటీల్లో పతకం ఉండాలి. పాల్గొన్నట్టు ఇచ్చే సర్టిఫికెట్టు సరిపోదు.

నాలుగో మనిషి సత్యవతి. పెంటపాడు మండలంలో అంగన్‌వాడీ కార్యకర్త. పెళ్లయి ఒక పిల్ల. భర్త రైస్ మిల్లులో పనిచేసేవాడు. ఆమె పెళ్లికి ముందు కబడ్డీలో పేరున్న రైడర్. మొదటి రోజు, కబడ్డీ ఎందుకు మానేశావని అడిగాను.

"మా జట్టులో ఏడుగురమండీ. పెళ్లిళ్లయి ఏడుగురం ఏడూళ్లకి పోయామండి. ఇదైతే ఇద్దరుంటే చాలంట కదండీ," అంది.

ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులున్నాయి. మేము ఆడినది ఎపీ. ఇందులో తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. కత్తి మొనలో చిన్న మీట ఉంటుంది. అది నొక్కుకుంటే యంత్రం మీద దీపం వెలుగుతుంది. సత్యవతి రైడర్ కావడంతో ఆమె కన్ను ఎప్పుడూ ఎదుటివారి పాదం మీదే ఉండేది. ఒక్కసారిగా కిందికి వంగి ముందుకాలి బూటు మీద పొడవడం ఆమెకు నేర్పనక్కర్లేకపోయింది. చాలామంది కోచ్‌లు దీన్ని ప్రోత్సహించరు, ఎందుకంటే గురి తప్పితే మొన నేలకు తగులుతుంది. పెద్ద పోటీల్లో ఆడే బాట మీద లోహపు పరుపు వేస్తారు కాబట్టి నేలకు తగిలినా దీపం వెలగదు. జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో అప్పుడు అటువంటి ఏర్పాటు లేదు. నేలకు తగిలినా వెలిగేది, బూటుకు తగిలినా వెలిగేది. ఏది దేనికో రెఫరీ కంటితో చూసి తేల్చాలి.

2006లో రాష్ట్ర పోటీలు తాడేపల్లిగూడెంలోనే జరిగాయి. ఆ వేసవిలోనే కొల్లేరులో అభయారణ్యం హద్దుల లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నాగమణి తండ్రికి కాపలా పని పోయింది. ఆ అమ్మాయి చదువు మానేస్తుందేమోనని అనుకున్నాం. మానలేదు. ఉదయం ఒక బట్టల కొట్లో పనిచేసి, మధ్యాహ్నం కాలేజీకి పోయి, సాయంత్రం హాలుకు వచ్చేది. మెర్సీ, నాగమణి, సత్యవతి, ఈ ముగ్గురితో మహిళల ఎపీ జట్టును పంపించాను.

జట్టు పోటీలో ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ప్రతి ఒక్కరూ ఎదుటి ముగ్గురితోనూ ఆడాలి కాబట్టి మొత్తం తొమ్మిది ముఖాముఖి పోరాటాలు, వాటినే బౌట్లంటారు. పాయింట్లు ఒక బౌటు నుంచి ఇంకో బౌటుకు కలుస్తూ పోతాయి. ముందుగా నలభై అయిదు చేరిన జట్టు గెలుస్తుంది. తొమ్మిదో బౌటు ఆడే మనిషి మీద అన్నిటికన్నా ఎక్కువ భారం ఉంటుంది. దాన్ని నేను సత్యవతికి ఇచ్చాను.

సెమీఫైనల్లో ఓడి, కాంస్య పతకం వచ్చే మూడో స్థానం కోసం ఆడాం. మెర్సీ ఆ రోజు తన మూడు బౌట్లూ ఎన్నడూ ఆడనంత బాగా ఆడింది. నాగమణి కొంత పోగొట్టింది. ఆఖరి బౌటు చివరికి స్కోరు నలభై నాలుగు, నలభై నాలుగు. హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది తాడేపల్లిగూడెం, పెంటపాడు మనుషులే. సత్యవతి భర్త కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని వెనక నిలబడ్డాడు.

ఎదుటి అమ్మాయి ముందుకు అడుగు వేసింది. సత్యవతి ఒక్కసారిగా వంగి పాదం మీదికి పోయింది. ఆ అమ్మాయి కాలు వెనక్కి లాక్కుంది. మా వైపు దీపం వెలిగింది. రెఫరీ చెయ్యి మా వైపు ఎత్తారు. హాలంతా అరుపులు. మెర్సీ నాగమణిని ఎత్తి తిప్పేసింది. ఎదుటి కోచ్ అది నేలకు తగిలిందని కేక పెట్టారు. రెఫరీ తల అడ్డంగా ఊపారు. కంటితో చూసి తేల్చిన విషయం మీద రెఫరీ మాటకు అప్పీలు లేదు. నిబంధన ప్రకారం మ్యాచ్ ముగిసినట్టే.

సత్యవతి మాస్కు తీసి రెఫరీ దగ్గరికి నడిచింది.

"కాలికి తగల్లేదండి. నేలకి తగిలిందండి," అంది.

రెఫరీ ఆమె వైపు తిరిగారు. "కాలికి తగిలిందనే ఇచ్చానమ్మా. కాదంటున్నావా?"

"కాదండి. బూటు పక్కన నేలకి."

రెఫరీ ఆ పాయింటు రద్దు చేశారు. ఇద్దర్నీ మళ్లీ గీతల దగ్గర నిలబెట్టి ఆట మొదలుపెట్టించారు. బౌటు జరుగుతుండగా కోచ్ తన స్థలం దాటి రావడానికి గాని, రెఫరీతో మాట్లాడటానికి గాని వీల్లేదు. పక్కన ప్రసాద్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ క్షణంలో మీకేమనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. నాకు మెర్సీ సీటు గుర్తొచ్చింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

సత్యవతి తొందరపడకుండా ఆడింది. అటూ ఇటూ చాలాసేపు నడిచింది. చివరికి ఎదుటి అమ్మాయి కత్తి సత్యవతి ముంజేతికి తగిలింది. నలభై అయిదు, నలభై నాలుగు. ఇద్దరూ కత్తులెత్తి వందనం చేసుకుని, చేతులు కలుపుకున్నారు.

మెట్ల దగ్గర నేనూ సత్యవతీ సామాను సర్దుతుండగా మెర్సీ వచ్చింది. ఆమె గొంతు పెద్దది కాలేదు. ఆ జిల్లాలో కోపం వచ్చినా గొంతు అంత త్వరగా లేవదు.

"అక్కా, మిమ్మల్ని ఎవరైనా అడిగారాండీ?"

"అడగలేదమ్మా."

"ఆయన మనకే ఇచ్చేశారు కదండీ. మరెందుకు చెప్పారు?"

"తగల్లేదు గదమ్మా."

"నా సీటు సంగతి మీకు తెలుసు కదండీ."

"తెలుసమ్మా," అంది సత్యవతి. కత్తిని సంచిలో పెట్టబోతూ ఆగింది. "మా ఊళ్లో కబడ్డీకి రిఫరీ ఎవరుండేవారూ? తగిలినవాళ్లే చెయ్యెత్తి పక్కకి పోయేవాళ్లం. నాకు ఇంకోలా ఆడ్డం రాదమ్మా."

మెర్సీ వెళ్లిపోయి రైలు టైముకు స్టేషన్ చేరింది. ఏలూరు దాకా నా ఎదుటి సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మర్నాటి నుంచి హాలుకు రావడం మానేసింది. ఆ ఏడాది ఆమెకు కోటాలో సీటు రాలేదు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం, చర్చి వదిలే వేళ చూసుకుని, సత్యవతి తన భర్తతో కలిసి మెర్సీ వాళ్లింటికి వెళ్లింది. తల్లి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. తండ్రి పొలాల గురించి, వానల గురించి మాట్లాడారు. మెర్సీ గదిలోంచి బయటికి రాలేదు. సత్యవతి అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పింది. క్షమాపణ అడగడానికి వెళ్లావా అని అడిగాను.

"సీటు పోయినందుకు బాధగా ఉందని చెబుదామనండి. నేలకి తగిలిందని చెప్పినందుకు కాదండి. ఆ రెండూ వేరని ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదండి," అంది.

జిల్లా ఫెన్సింగ్ సంఘం కార్యదర్శిగారు నన్ను పిలిపించి, "ఏవండీ, మీరు వాళ్లకి ఏం నేర్పిస్తున్నారండీ? చేతికొచ్చిన పతకాన్ని వెనక్కిచ్చి రమ్మనా?" అన్నారు. వచ్చే ఏడాది జట్టులో సత్యవతి ఉండకూడదని ఆయన అభిప్రాయం. ఎంపిక పోటీల్లో వచ్చిన స్థానాన్ని బట్టే పేర్లు పంపుతానని చెప్పాను. ఆయన జిల్లా క్రీడాధికారిగారికి ఫిర్యాదు చేశారు. అధికారిగారు నా వివరణ తీసుకుని ఊరుకున్నారు.

మెర్సీ ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పే పనిలో చేరింది. మరుసటి వేసవిలో, చెప్పాపెట్టకుండా ఒక సాయంత్రం హాలుకు వచ్చి మాస్కు పెట్టుకుంది. ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు. ఎంపిక పోటీల్లో సత్యవతి మొదటి స్థానంలో, మెర్సీ రెండో స్థానంలో, నాగమణి మూడో స్థానంలో వచ్చారు. ఆఖరి బౌటు ఎవరికివ్వాలన్నది కోచ్ నిర్ణయం. ఈసారి మెర్సీకి ఇవ్వాలనుకుని ఆమెను పిలిచి చెప్పాను.

"వద్దండీ. ఆవిడకే ఇవ్వండి సార్," అంది.

"మీ ఇద్దరికీ రాజీ కుదిరిందా?"

"లేదండీ. నాకింకా కోపంగానే ఉందండి. ఆ రోజు అక్కడ నేనుంటే నోరెత్తేదాన్ని కాదు. అదీ మీకు చెప్పేస్తున్నాను. కానండీ, వచ్చిన పాయింటు వదిలేసుకుని మళ్లీ గీత దగ్గర నిలబడ్డప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదండి. నేను చూస్తూనే ఉన్నాను. నాకైతే వణికేది. ఆఖర్న ఆవిడుంటే ముందు నేను నిశ్చింతగా ఆడతానండి."

ఒక కోచ్ ఇవ్వగలిగినంత కచ్చితమైన అంచనా అది. తొమ్మిదో బౌటు సత్యవతికే రాసి పంపించాను.

ఆ ఏడాది క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయాం. తేడా పెద్దదే, ఎవరి తప్పూ వెతకాల్సిన అవసరం రాలేదు. ఆ మరుసటి ఏడాది మూడో స్థానం వచ్చింది. పతకాలు మెళ్లో వేసుకుని ముగ్గురూ ఫొటో దిగారు. మెర్సీ, సత్యవతి పక్కపక్కనే నిలబడ్డారు. అప్పటికి ఆ పతకంతో మెర్సీకి పని లేదు. కోటా జోలికి పోకుండా ప్రవేశ పరీక్ష రాసి, మంచి ర్యాంకుతో వ్యాయామ విద్యలో చేరింది. అనుకున్నదానికన్నా రెండేళ్లు ఆలస్యమైంది. ఆ రెండేళ్లు ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నాగమణి పోలీసు కానిస్టేబుల్ పరీక్షలో పరుగు సులువుగా నెగ్గి ఉద్యోగంలో చేరింది. సత్యవతి మరో ఏడాది ఆడి, రెండో బిడ్డ పుట్టాక మానేసింది. నాకు 2009లో బదిలీ అయింది.

2006లో ఓడిన ఆ మూడో స్థానం మ్యాచ్ తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. నిజం చెప్పిన ఆటగాడిని మెచ్చుకోవడం తేలిక. ఓడిన జట్టును ఓదార్చడం కూడా కోచ్‌కి అలవాటైన పనే. కానీ ఒకరు చెప్పిన నిజం వల్ల నష్టం చాలాసార్లు పక్కవాళ్లకు జరుగుతుంది. ఆ నష్టపోయిన మనిషికి కోపం తెచ్చుకునే హక్కుంది. అది చల్లారేదాకా ఆమెను క్షమించమని ఒత్తిడి చేయకుండా, తిరిగి వస్తే ఆడటానికి చోటు మిగల్చడం కోచ్ చేయవలసిన పని. ఇద్దరిలో ఎవరు మంచివారో తేల్చడం అతని పని కాదు. ఇద్దరినీ ఒకే జట్టులో ఆడించగలగాలి, అంతే.