తదియ లేని పక్షం

మా అన్న వల పోయింది నా లెక్క వల్ల. ఈ మాట ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

మా వీధిలో పుట్టినవాళ్ల తేదీలు, పోయినవాళ్ల తేదీలు, తుఫాను పడిన రోజులు నా పుస్తకంలో ఉంటాయి. ఎవరికి తేదీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. అన్న మాత్రం తేదీలను లెక్కచేసేవాడు కాదు. సముద్రం పోటు తిథిని బట్టి వస్తుంది కనుక ఆయనకు తిథే రోజు. అప్పటికే డెబ్బై దాటాయి, చెవులు బాగా మందగించాయి. ఒక్కడే చిన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు.

ఆ రోజుల్లో ఒక చలికాలం, మా ఊరి ఎదుట సముద్రం మీద ఏదో పరీక్ష ఉందని సోమవారం దండోరా వేశారు. ఎగిరే డ్రోన్లను లేజర్ కాంతితో కాల్చి పడేసే ఆయుధమట. గురువారం పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం దాకా ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. అన్నకు దండోరా వినపడలేదు. నేనే వెళ్లి చెవి దగ్గర అరిచి చెప్పాను.

"తుపాకీయేటే?" అన్నాడు.

"కాదన్నా, ఎలుగంట. గుండుండదంట, సప్పుడుండదంట."

"ఎలుగుతో ఇమానం కాలిపోతాదేటి? మన ఇంట్లో దీపం ఒక్క దోమనైనా కాల్సలేదు గదే!" నవ్వాడు. "సర్లే, ఆ రోజు తిథేటో సెప్పు."

ఆదివారం అమావాస్య అయింది. వేళ్ల మీద లెక్కపెట్టి, "సవితి. సవితినాడు ఎళ్లకు" అన్నాను. గోడకు క్యాలెండరు ఉంది. చూడలేదు.

ఆ పక్షంలో తదియ లేదు, ఏ పొద్దు పొడుపుకూ తగలకుండానే దాటిపోయింది. మంగళవారం విదియ, బుధవారమే చవితి. గుడి పంతులుగారిని తిథి అడిగి, అన్న బుధవారం ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజు నేను ఎండు చేపలు అమ్మడానికి వెళ్లి నరసన్నపేటలో ఉన్నాను. గురువారం తెల్లవారకముందే ఆయన తెప్ప దింపాడు. మిగతా పడవలు ఒడ్డునే ఉంటే, జనానికి బద్ధకం ముదిరిందనుకున్నాడట.

గస్తీ పడవవాళ్లు మైకులో పిలిచారు. ఆయనకు వినపడలేదు. దగ్గరికొచ్చి చేతులూపి, వెంటనే వెళ్లిపొమ్మన్నారు. వల లాగే వ్యవధి లేదు. నీళ్లలోనే వదిలి వచ్చాడు.

మేమంతా ఒడ్డున నిలబడి చూశాం. దూరంగా గద్దంత విమానం. చప్పుడు లేదు, మెరుపు లేదు. రెక్క దగ్గర సన్నగా పొగ లేచింది, అంతే, ఒరిగి నీళ్లలో పడిపోయింది. జనం ఈలలు వేశారు. అన్న అటు చూడలేదు. వల వేసిన వైపే చూస్తున్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి వల లేదు. నా మేనల్లుడు, అన్న కొడుకు, కొత్తది కొంటానన్నాడు. అన్న వద్దన్నాడు. చిరిగినచోటల్లా ఆ వలను కుట్టింది మా వదిన. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ల నాలుగు నెలలు. ఆవిడ వేసిన ముడి చీకట్లో తడిమినా తెలుస్తుందనేవాడు.

తొమ్మిది రోజులు ఒడ్డు వెంట వెతికాడు. వెనకే నేనూ నడిచాను. పదో రోజు చెప్పాను.

"అన్నా, తప్పు నాదే. ఆ వారం తదియ లేదు. నేను సూసుకోలేదు."

వినపడలేదేమోనని మళ్లీ అరవబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఇనబడ్డాదే. నాకు మొదటి రోజే తెలుసు. నువ్వెప్పుడు సెప్తావా అని సూస్తన్నాను."

 ఇంకొంత దూరం నడిచాం, ఆయన ముందు, నేను వెనక. మర్నాటి నుంచి వెతకడానికి రాలేదు. వేటకూ వెళ్లలేదు.