పెద్ద కూడు

1957లో నా రెండో కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. ఊరు తిరువళ్ళూరుకు పడమటగా ఉంది. పాలు చాలక బిడ్డ ఏడ్చేది. కొరమీను పులుసు తాగితే పాలు పడతాయని మా అత్త నమ్మకం. అందుకోసమే మా బావ, అంటే నా భర్తకు అన్న, వెదురు తడికలతో ఒక బోను కట్టి, చెరువులో గుంజలకు బిగించి, అందులో కొరమీను పిల్లల్ని పెంచుతున్నాడు. తవుడు, చెదపురుగులు వేసేవాడు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు.

ఒకనాడు చేపల ఆఫీసరు చెరువు చూడడానికి వచ్చాడు. తంజావూరు వైపు మనిషి. మేము తెలుగువాళ్ళమని మర్యాదకు తెలుగులో మాట్లాడాడు. అరవంలోనే మాట్లాడి ఉంటే ఇంత రోత జరిగేది కాదు.

మా బావ ఇంటికొచ్చి, “చిన్న కూడు చాలదంటమ్మా. పెద్ద కూడు పెట్టకపోతే చేప చస్తాదని చెప్పినాడు” అన్నాడు.

“తవుడు ఆనలేదా? నీచు కావాల్నా మహారాజు బిడ్డలకు!” అంది అత్త.

మర్నాటినుంచి అంగడిలో మేకలు కోసేచోటు నుంచి కిరసనాయిలు డబ్బా నిండా పేగులు సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. చేపలు లావెక్కి, ఆ ఇరుకులో తిరగలేక ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. తినగా మిగిలింది అడుగున కుళ్ళింది. నీళ్ళమీద కొవ్వు తెట్టె కట్టింది. తడికల సందుల్లో తెల్లపురుగులు. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని అవతలి గట్టుకు పోయారు. ఆ చేతులతోనే మా బావ బిడ్డ బుగ్గ గిల్లబోయేవాడు. నేను కొంగు అడ్డం పెట్టేదాన్ని.

ఆఫీసరు మళ్ళీ వచ్చిన రోజు నేను కట్టమీద బిడ్డ గుడ్డలు ఆరేస్తున్నాను. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“కూడు మార్చలేదా?”

“మార్చినాం సార్!” అన్నాడు మా బావ. “దినామూ ఒక డబ్బా. ఇంతకన్నా పెద్ద కూడు మేమే తినం!”

ఆయన బోనును కాలితో తన్నాడు. “ఇది! ఈ కూడు! చేప ఉండే కూడు!”

అరవంలో కూడు అంటే గూడు, బోను. అది మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. ఆయన తెలుగు మాట్లాడుతున్నాడు కదా అని తెలుగు అర్థమే పట్టుకున్నాం.

తెలిశాక బోను తీసి పారేస్తారనుకున్నాను. ఆ సాయంత్రం బతికున్నవాటిలో ఒకదాన్ని అత్త పులుసు పెట్టింది. గిన్నె నా ముందు పెట్టింది. చింతపండు, మెంతులు అన్నీ వేసినా అడుగునుంచి ఆ డబ్బా వాసనే వచ్చింది.

“తాగు మే. ఉప్పేసి రుద్ది కడిగినాను. బిడ్డకు పాలు యాడ్నుంచి వస్తాయి?”

బావ అరుగుమీద కూర్చుని ఉన్నాడు. “మీరొక ముక్క తినండి బావా. మీరు తింటే నేను తాగతాను” అన్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. “నాకు ఆకలి లేదులేమ్మా.”

“ఇప్పుడే కదరా సంగటి యాడని అరిచినావు?” అంది అత్త.

అత్త గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. పెరట్లోకి పోయి ఎరువుగుంటలో కుమ్మరించింది.

మర్నాడు బోను విరిచి తగలబెట్టారు. అత్త నాకు మునగాకు, వెల్లుల్లి వండిపెట్టింది. పాలు పడ్డాయి, బిడ్డ ఏడుపు మానింది. మా ఇంట్లో అన్నాన్ని మాత్రం ఆ తర్వాత అత్త ఎవరినీ కూడు అననివ్వలేదు.