పద్దెనిమిది సెకన్ల ఏడుపు

పియానో ఆయన ఒకప్పుడు జాజ్ వాయించేవాడు. ఓ హోటల్ కింద నేలమాళిగలో, తినేవాళ్ల ప్లేట్ల చప్పుడు మధ్య. ఎత్తుకున్న పాటకి దారి అప్పటికప్పుడు వేసుకుంటూ పోవడం ఆయన గొప్ప. వాయించిందే మళ్లీ వాయించమని ఎవరైనా అడిగితే మీదికొచ్చేవాడు. "నేనేమైనా గడియారాన్నా?" పక్కన డ్రమ్స్ మీద భార్య తమ్ముడు ముసిముసిగా నవ్వేవాడు.

తర్వాత సినిమాల్లోకి దిగి నిజంగానే గడియారమయ్యాడు. మెడలో స్టాప్‌వాచ్. ఛేజింగ్‌కి నలభై సెకన్లు, ఏడుపుకి పద్దెనిమిది. దర్శకుడు సీను కింద ఎవరిదో పాత సంగీతం అతికించి తెస్తాడు, ఈయన నాలుగు స్వరాలు అటూ ఇటూ చేసి తన పేరు వేసుకుంటాడు. దానికి స్ఫూర్తి అని ముద్దుపేరు. ఇరవై ఏళ్ల స్ఫూర్తికి షీల్డులు గోడ నిండిపోయి, మూసిన పియానో మూత మీదికెక్కాయి.

ఆ రోజు తెరమీద ఒకావిడ పెట్టె సర్దుకుంటోంది. కింద దర్శకుడు అతికించి తెచ్చిన పియానో. మధ్యలో చెంచా నేలమీద పడ్డ చప్పుడు.

కంప్యూటర్ ముందున్న బావమరిది చెయ్యి ఆగిపోయింది. ఆ చెంచా తనకి తెలుసు. హోటల్ నేలమాళిగలో ఓ రాత్రి దాని మీదే దెబ్బ వేసి తాళం మార్చాడు. బావ కూడా దాన్ని పట్టుకునే పాట తిప్పాడు.

"ఎవడో తెలీదు సార్, పాత క్యాసెట్లో దొరికింది. ప్రాణం తీశాడు! అచ్చం ఇలాగే కావాలి," అని దర్శకుడు ఫోనొస్తే బయటికెళ్లాడు.

"నువ్వేనని చెప్పు బావా."

చెప్తే దర్శకుడు కూర్చుని వాయించమంటాడు. పియానో ఆయన షీల్డులు దించి, మూతెత్తి, మీటల మీద వేళ్లు పెట్టాడు. కళ్లు స్టాప్‌వాచ్ మీద. మూడుసార్లు వాయించాడు. మూడుసార్లూ సరిగ్గా పద్దెనిమిది సెకన్లు, మూడుసార్లూ అదే.

"గడియారం బాగానే నడుస్తోంది," అన్నాడు బావమరిది.

దర్శకుడు తిరిగొచ్చి అడిగాడు. "ఎవరై ఉంటారు సార్ ఆయన?"

"ఎవడో తాగుబోతు. చేతికి నిలకడ లేదు. మనం బాగుచేద్దాం."

బాగుచేశాడు. నాలుగు స్వరాలు మార్చాడు, చప్పుళ్లన్నీ కడిగేశాడు. దానికీ షీల్డొచ్చింది. పియానో మూత మీద జాగా చూసి పెడుతుంటే బావమరిది తలెత్తకుండానే అన్నాడు.

"ఆ చెంచానైనా ఉంచాల్సింది బావా. మనందరిలో దానికొక్కదానికే చెవి ఉండేది."