పోయిన నెల అంకె

రాజోలి దగ్గర తుంగభద్రలో చేపల మేత ఎంతుందో పరీక్షించే మా ఆఫీసులో ఆయన నాకు సీనియరు. పడవ వెనక ఈడ్చే సన్నటి వల మూతికి చిన్న మీటరు ఉండేది. దాని రెక్క ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, వలలోంచి ఎంత నీరు పోయిందో, అంత నీటికి వలలో ఎంత మేత పడిందో లెక్కకట్టేవాళ్లం. వల దించే ముందు ఆయన ఆ రెక్కను ప్రతిసారీ నోటితో ఊది చూసేవాడు.

"ఇది తిరగకుంటే మనం రాసేదంత అబద్ధమే," అనేవాడు.

ఒక ఎండాకాలం చేపలు బక్కచిక్కి చస్తున్నాయని జాలర్లు ఆఫీసు ముందు కూర్చున్నారు. అధికారి వెంటనే రిపోర్టు కావాలన్నాడు. సరిగ్గా ఆ రోజే నాచు చుట్టుకుని రెక్క ఆగిపోయింది.

"మేతకు పోయిన నెల అంకెనే వెయ్యండి," అన్నాడు అధికారి.

"నేనెయ్య సార్. ఒక్కరోజియ్యిండ్రి, మల్ల ఈడ్చి చూస్త."

ఇవ్వలేదు. ఆయనను నాగర్‌కర్నూల్‌లో పాత రిపోర్టులు దాచే స్టోరు గదికి బదిలీ చేశారు. ఆ అంకె నేను వేశాను. మేతకు కొదవ లేదని రిపోర్టు పోయింది. జాలర్లకు ఏ సాయమూ రాలేదు.

ఏడాది తర్వాత కల్వకుర్తి బస్టాండులో ఎదురుపడ్డాం. ఆయనే టీ తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఆ అంకె ఎవరు వేశారో నాకు తెలియదన్నా," అన్నాను, ఆయన అడగకముందే.

"నీ చేతిరాత నాకు తెల్వదా తమ్మీ?" అన్నాడు.