ఆయాసం అంటే ఏమిటి?

హోటల్ బట్టలుతికే విభాగంలో ఆమెను అందరూ దుప్పట్లమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లుగా అక్కడ దుప్పట్లు మడతపెడుతోంది. కూతురు పుట్టకముందే వలస వచ్చినా, ఆ పరాయి ఊరి భాష ఆమెకు రెండు ముక్కలకు మించి రాదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి పెద్ద దుప్పటిని ఒంటిచేత్తో విదిలిస్తుంటే కుర్రకారు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు.

ఈమధ్య ఒక్కో మడతకీ ఆగుతోంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకు చేరగిలబడి కునుకు తీస్తోంది.

కూతురు ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆయాసంగా ఉందని చెప్పమంది దుప్పట్లమ్మ. అక్కడే పుట్టి పెరిగిన కూతురిది ఇంటి మటుకు తెలుగు. ఏదో చెప్పింది. డాక్టరు నవ్వి, ఈ వయసులో మామూలేనని బలం మాత్రలు రాశాడు. నాలుగు నెలల్లో మూడుసార్లు ఇదే తంతు. ముసలిది, పైగా పరాయి భాష మనిషి. ఛాతీ మీద గొట్టం పెట్టి చూసే ఓపిక ఏ మహానుభావుడికీ లేకపోయింది.

పోతానన్న భయం కంటే, మొత్తుకున్నా ఎవరికీ అర్థం కాకుండానే పోతానన్న భయం ఆమెను పీక్కుతినేది.

నాలుగోసారి దుప్పట్లమ్మ కూతురి చెయ్యి వదిలించుకుంది. పరీక్ష చేసే మంచం మీది దుప్పటి లాగి మడతపెట్టడం మొదలెట్టింది. రెండో మడతకే నోరు తెరిచి రొప్పుతూ, పక్కనే ఉన్న నర్సు అరచేతిని తన ఛాతీకి అదుముకుంది. నర్సు ముఖం మారిపోయింది. దుప్పట్లమ్మ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

నర్సు గబగబా ఏదో అడిగింది. కూతురు తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఆయాసమంటే ఊపిరాడకపోవడమా?"

"మరేమనుకున్నావే?"

"అలసట అనుకున్నానమ్మా. అలసట అనే చెప్పాను."

దుప్పట్లమ్మ సగం మడిచిన దుప్పటిని మంచం మీద పడేసింది. ఇన్నాళ్లూ ఆ గదిలో తన జబ్బు గురించి ఎవరూ మాట్లాడనేలేదు.

ఆ రోజే గుండెకు స్కానింగ్ చేశారు. పెద్ద డాక్టరు తెర చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. ఒకచోట ఆగి తల అడ్డంగా ఊపాడు. కూతురు చూపు పక్కకు తిప్పుకుంది.

"ఏమన్నాడే?"

"మందులిస్తాడట. తగ్గిపోతుందట."

అంతసేపు మాట్లాడిన మనిషి అన్నది ఈ రెండు ముక్కలేనా? దుప్పట్లమ్మ కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నాకు భయంగా ఉంది తల్లీ. ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పు."