కార్వేటినగరం కూటాల్లో నా తర్జుమా

ముందు వార్త చెప్పేస్తాను, ప్రయాణం సంగతి తర్వాత. నేను బీయే పాసయ్యాను! సెకండ్ క్లాసు. మా ఇంట్లోనే కాదు, వడమాలపేటలో మా వీధి మొత్తానికీ మొదటి బీయే నాదే. తిరుపతిలో కాలేజీ నోటీసు బోర్డు మీద నా నంబరు నాలుగుసార్లు చూసుకున్నాను. వెనకవాళ్లు తోసేయకపోతే ఐదోసారి కూడా చూసుకునేవాణ్ని.

ఆ మర్నాడే కార్వేటినగరంలో క్రైస్తవుల ఉజ్జీవ కూటాలకు ఆఖరి రోజు. నా పరీక్షలప్పుడు మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశారు. పాసైతే కూటాల్లో నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతాడని అమ్మ నన్నడక్కుండానే మాటిచ్చేసింది. అందుకే ఈ ప్రయాణం.

ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సు ఎక్కాను. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దుటెండ నేరుగా ముఖం మీద కొడుతుంది. వెళ్లేవాళ్లు కుడివైపు సీటు చూసుకోండి. టిక్కెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరుకు కూడా నా వార్త చెప్పాను.

"పాసైతే పాసైనావులేప్పా, ముందు సిల్లర ఇయ్యి" అన్నాడు.

ఏడున్నరకు వడమాలపేటలో దిగేసరికి అమ్మ తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని గడపలో ఉంది. వార్త విని నా తల రెండు చేతులతో పట్టుకుంది. నాయన మాత్రం గట్టిగా నవ్వాడు. మా నాయన బావులు తవ్వే మనిషి. పదిహేనేళ్లుగా అమ్మ కూటాలకు వెళుతూనే ఉంది, నాయన ఒక్కసారి కూడా అక్కడి చాప మీద కూర్చోలేదు. అమ్మను వెళ్లొద్దనీ అనలేదు. అమ్మ రోజూ చేసే ప్రార్థనలో నా పరీక్షలు ఈ మధ్య వచ్చి చేరాయి గానీ, మొదటి వరుసలో ఎప్పుడూ నాయనే.

"నువ్వూ రా నాయనా. మైకులో నా పేరు చెబుతారు" అన్నాను.

"పేరు ఇంటా. పందిట్లోకి మాత్రం రాను" అన్నాడు. "మీ దేవునికేమన్నా సెవుడా? అంతమంది ఒక్కపారిగా అరస్తారేందిరా! బాయిలో రాయి పేల్చినా అంత సద్దు రాదు."

"బయట నిలబడినా సాలు, రా" అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. సంచి మాత్రం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

తొమ్మిదింటికి ముగ్గురం బయల్దేరాం. పుత్తూరు బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. నాయన రెండు ప్లేట్లు తిన్నాడు. అమ్మది ఉపవాసం, నీళ్లు తాగింది. కార్వేటినగరం బస్సు పదకొండుకు. కూటాల రోజుల్లో ఆ బస్సులో నిలబడే చోటు దొరికినా అదృష్టమే. టవలు విసిరి సీటు పట్టే విద్యలో నాయనకు సాటి లేదు కాబట్టి మాకు మూడు సీట్లు దొరికాయి.

ఎదురుగా మోచేతికి పుత్తూరు కట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. అమ్మ తెల్లచీర, మా సంఘం పద్ధతిలో నగలేవీ లేని బోసి మెడ చూసి కూటాలవాళ్లమని పోల్చుకున్నాడు.

"మీరు మందులు తాకరంట గదమ్మా. మరి సెయ్యి ఇరిగితే ఏం జేస్తారు?"

"ప్రార్థన సేసుకుంటామన్నా."

"ప్రార్థనకి ఎముక అతుక్కుంటాదా?"

"నీ కట్టు కట్టినాయన ఎముక తయారు సేసినాడా ఏంది? ఉండేదాన్ని సరిగ్గా పెట్టినాడు, అంతే గదా. అతికేది దేవుడే."

పెద్దాయన కాసేపు తన కట్టు వంక చూసుకున్నాడు. "ఇది కూడా నిజమే. అయితే రూపాయలు ఆయనకెందుకిచ్చినట్టు?" అన్నాడు. బస్సులో ఆ చివర దాకా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

పదకొండు ముప్పావుకు దిగాం. పాత ప్యాలెస్ గోడ వెంబడే పది నిమిషాలు నడిస్తే మైదానం. కొబ్బరాకుల పందిరి, కింద చాపలు, అటు ఆడవాళ్లు, ఇటు మగవాళ్లు. ఎక్కడ చూసినా తెల్లబట్టలే. డోలు, కంజిర, చప్పట్లు కలిసి పాట సాగుతోంది. ఒక ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి చిన్నపిల్లలా ఎగురుతోంది. నాయన మైదానం అంచున సోడాబండి దగ్గర ఆగిపోయాడు. బీడీ వెలిగించాడు.

మా పాస్టరయ్య నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చాడు. సాక్ష్యం కోసమనుకున్నాను.

"అబ్బోడా, దేవుడే నిన్ను పంపినాడు! తర్జుమా చేసే మాస్టరుకు గొంతు పోయింది. రెండ్రోజులు అరిచి అరిచి ఇప్పుడు గాలి తప్ప ఏమీ రాలా. కేరళ నుంచి వచ్చిన అయ్యగారికి ఇంగ్లీషే గానీ మన భాష రాదు. నువ్వు బీయే గదా!"

నాది తెలుగు మీడియం బీయే అని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన అమ్మ ముఖం వెలిగిపోతోంది. దూరంగా నాయన సోడాబండి ఆయనతో నన్ను చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నోరు మూసుకున్నాను.

రెండు గంటలకు ప్రసంగం మొదలైంది. పాస్టరయ్య మైకులో, "మన వడమాలపేట సంఘం బిడ్డ, బీయే పాసైన బ్రదర్ రాజారత్నం!" అనగానే జనం "స్తోత్రం!" అన్నారు. మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. అయ్యగారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు, నెమ్మదిగా మాట్లాడారు. "వాన కావాలని అడిగేవాళ్లు చూరు కింద బాన పెట్టుకోవాలి. ఉజ్జీవం అడుగుతున్నారు సరే, మీ బాన ఏదీ?" అని నేను తెలుగులో అనేసరికి ముందు వరుసలో పెద్దలు తలలూపారు. నేనే ప్రసంగీకుణ్నన్నంత గర్వం వచ్చేసింది.

అంతలో అయ్యగారికి వేడెక్కింది. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, చేతులు ఊపుతూ, మధ్యలో నేనొకణ్ని ఉన్నానన్న సంగతే మరిచిపోయి ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పారు. చెప్పి ఆగి, నా వైపు తిరిగారు. పందిరంతా నా వైపు తిరిగింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఏదో ఒకటి కల్పించి చెబుదామా అన్న ఆలోచన వచ్చింది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో ఆ మూడు రోజులు ఉపవాసమున్న ఆడవాళ్లే కూర్చున్నారు. వాళ్లకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"క్షమించండి. ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదు. నేను తెలుగు మీడియం" అన్నాను మైకులోనే.

ఇంకెక్కడైనా అయితే ఈల వేసేవాళ్లు. ఇక్కడ పాస్టరయ్య లేచి, "బిడ్డ కష్టంలో ఉండాడు. అందరూ లేసి ప్రార్థన చేద్దాం!" అన్నాడు. అంతే. పందిరి మొత్తం లేచి, ఒక్కసారిగా, ఎవరి గొంతుతో వాళ్లు, నా నాలుక కోసం దేవుణ్ని పిలిచారు. కొందరు ఏడుస్తున్నారు. నేను కళ్లు మూసుకోవడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు చూశాను. నాయన బీడీ పారేసి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. వేదిక ముందుకొచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అందరూ చేతులెత్తి నిలబడి ఉంటే ఒక్క నాయన, ఒళ్లో చెప్పులతో, కూర్చుని ఉన్నాడు.

ప్రార్థన సద్దుమణిగాక పాస్టరయ్య వంగి, "ఎవరన్నా నువ్వు?" అన్నాడు.

"వాని నాయన్ని. ఒక్కడే నిలబడిపోయినాడు గదా. దగ్గర్లో ఎవురన్నా ఉండల్ల."

ఆడవాళ్ల వైపు అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

విషయం తెలిసి అయ్యగారు పెద్దగా నవ్వారు. నా భుజం మీద చెయ్యి వేసి, అక్కణ్నుంచి ఒక్కో చిన్న మాట చెప్పి ఆగారు. అలాంటి ఇంగ్లీషైతే నేను రోజంతా చెప్పగలను. నాలుగున్నర దాకా చెప్పాను. నాయన కదల్లేదు. తర్వాత అందర్నీ వరసల్లో కూర్చోబెట్టి విస్తళ్లలో సాంబారన్నం పెట్టారు. అమ్మ ఉపవాసం అక్కడే విడిచింది.

తిరుగు బస్సు ఐదు ముప్పావుకు, నేరుగా తిరుపతి దాకా. కొండల మీద ఎండ పచ్చగా ఉంది. మామిడికాయల గంపలతో బస్సంతా కమ్మటి వాసన. డిగ్రీ నాకేం చేసిపెట్టిందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషు కాదు, రాని ఇంగ్లీషే ఆ రోజు పని చేసింది. కూటాలకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పొరపాటు చేయడానికి అంతకంటే మంచి చోటు నేనెక్కడా చూడలేదు.

పుత్తూరు దగ్గరపడుతుండగా నాయన అమ్మ వైపు తిరిగాడు.

"బాన సంగతి బాగా సెప్పినాడు. నీళ్ల గురించి తెలిసినోడే. ఏమ్మే, ఆయన మన పేటకి ఆదివారం వస్తాడా?"

"రాడు. మన పాస్టరయ్యే సెప్తాడు" అంది అమ్మ.

"అదే మేలు. తెలుగులోనే సెప్తాడు గదా. ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"సరే, అయితే బాయి పని పదకొండుకు పెట్టుకుంటా" అని నాయన టవలు ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు.

పదిహేనేళ్లుగా ప్రతిదానికీ గట్టిగా స్తోత్రం చెప్పే మా అమ్మ, ఆయనకు మెలకువ వస్తుందేమోనని, ఆ ఒక్కసారి మాత్రం పెదవులతోనే చెప్పుకుంది.